ఎవరి మెట్టు వాళ్ళే ఊడ్చుకోవాలి

మా ఊరి చర్చిలో దేవుడు అందరివాడే గాని, మెట్లు మాత్రం ఎవరివి వాళ్ళవి. పై మెట్లు లాటిన్లవి, అంటే రోమన్ కేథలిక్కులవి. కింది మెట్లు గ్రీకు ఆచారం పాటించే మావి. మెట్ల పక్క గూట్లో వేలాడే దీపం ఆర్మేనియన్లది. ఏ జాగా ఎవరు ఊడిస్తే అది వాళ్ళది, ఎవరు బాగుచేస్తే వాళ్ళది. తాతల నాటి కట్టడి ఇది. మా చీపురు చివర పొరపాటున పై మెట్టుకు తగిలిందంటే ఆ ఆదివారం ప్రార్థన సగం, పంచాయితీ సగం.

మెట్లు దిగితే గుహ వస్తుంది. ఈస్టర్ తెల్లవారుజామున సుగంధాలు పట్టుకుని యేసు సమాధికి బయల్దేరిన స్త్రీలు ఆ గుహలో కాసేపు కూర్చున్నారని మా ఐన్ హన్నూన్ ఊరివాళ్ళ నమ్మకం. యెరూషలేములో సమాధికి వెళ్ళాల్సినవాళ్ళు మా గుట్టమీదికి ఎందుకు వచ్చారని అడక్కండి. మంచి సరుకు దొరుకుతుందంటే ఆడవాళ్ళు ఎంత దూరమైనా వెళ్తారు. ఆ నమ్మకం మీదే యాత్రికులు వస్తున్నారు, వాళ్ళ మీదే చర్చి ఎదురుగా నా కొట్టు నడుస్తోంది. ఆలివ్ చెక్కతో చేసిన శిలువలూ, ఒంటెలూ అమ్ముతాను. శిలువల కంటే ఒంటెలే ఎక్కువ పోతాయి.

మా ఆఖరి మెట్టుకీ లాటిన్ల మొదటి మెట్టుకీ మధ్య ఒక రాయి చాలాకాలంగా కుంగిపోతూ వచ్చింది. మేం బాగుచేస్తామంటే లాటిన్లు పడనివ్వరు, వాళ్ళు చేస్తామంటే మేం ఊరుకోం. అందుకని ఊరంతా అక్కడికి రాగానే కాలు కాస్త ఎత్తి వేయడం నేర్చుకుంది. మా పిల్లలకి నడక ఇంట్లో వస్తుంది, కాలెత్తి నడవడం మాత్రం చర్చిలోనే వస్తుంది.

ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో ఈసారి వాన వదలకుండా కురిసింది. ఒక ఉదయం లాటిన్ల ఫాదర్ గ్వీడో, ఆయన శరీరం చిన్నది కాదు, కాలెత్తడం మరిచిపోయారు. రాయి విరిగి ఆయన మోకాలి దాకా దిగబడ్డారు. బయటికి లాగడానికి మూడు శాఖలవాళ్ళూ చెయ్యి వేశారు. ఫాదర్ ఎవరి జాగాలోనూ లేరు గనక అభ్యంతరం రాలేదు. ఆయన కాలు పైకొచ్చాక ఆ కంతలోకి చూస్తే లోపల బోలుగా ఉంది. అందులో తెల్లటి రాతిపెట్టె ఒకటి, ఒక చివర మాత్రం మట్టిలోంచి పొడుచుకుని కనిపించింది. దాని మీద ఏవో గీతలున్నాయి.

చూడటానికి ఎవరిని పిలవాలన్నది పెద్ద తగువైంది. చివరికి మా అక్క కొడుకు గత్తాస్ పేరు చెబితే ముగ్గురూ సరేనన్నారు, పురావస్తు శాఖవాళ్ళూ సరేనన్నారు. గత్తాస్ యూనివర్సిటీలో తవ్వకాల పాఠం చెబుతాడు, దేవుణ్ణి నమ్మడు. నమ్మడు గనకే ముగ్గురికీ వాడి మీద నమ్మకం కుదిరింది.

మా అక్క పేరు నజ్లా. ఆ పేరుతో ఆమెను పిలిచేది ఇప్పుడు నేనొక్కదాన్నే. మా దగ్గర పెళ్ళయి పిల్లలు పుట్టిన ఆడదాన్ని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. ఉమ్ మిత్రీ, అంటే మిత్రీ వాళ్ళమ్మ. ఆ మిత్రీ ఇరవై దాటీ దాటకముందే నార్ లోయ మలుపులో లారీ కింద పడి పోయాడు. అయినా పాలవాడు, బస్సు డ్రైవరు, ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ మా అక్కను ఉమ్ మిత్రీ అనే పిలుస్తారు. అలా ఊరు రోజూ వాణ్ణి పిలుస్తూనే ఉంటుంది, వాడు పలకడు.

ప్రతి ఈస్టర్‌కీ అక్క సమాధుల తోటకు వెళ్తుంది. వాడి రాయి ముందు నిలబడి పండగ పలకరింపు చెబుతుంది: "క్రీస్తు లేచాడు!" ఆ మాటకు జవాబుంది, ఊళ్ళో పసివాడికి కూడా వచ్చు: "నిజంగా లేచాడు!" అక్క పలకరించి, ఆ జవాబు కోసం అలాగే నిలబడుతుంది. ఎండ నెత్తిన మాడుతుంటుంది. చూసి చూసి నేనే విసుక్కుంటూ జవాబు చెప్పి ఆమెను ఇంటికి లాక్కొస్తాను. గత్తాస్ మాత్రం అన్న పోయిన దగ్గర్నుంచి ఆ తోట గేటు దాటలేదు. వాళ్ళమ్మ రమ్మన్న ప్రతిసారీ వాడికి ఏదో ఒక పని తగులుతుంది.

చూడాల్సిన రోజున గత్తాస్ చెక్‌పోస్టులో చిక్కుకుని, అందరి ఓపికా అయిపోయాక వచ్చాడు. కంతలోకి వంగి, జేబులోంచి చిన్న బ్రష్షు తీసి ఆ గీతల మీద మట్టి దులపడం మొదలుపెట్టాడు. పట్టుమని నాలుగుసార్లు దులిపాడో లేదో, పై మెట్టు మీంచి కేక వినబడింది.

"నిలుపుము! ఇతడు ఊడ్చుచున్నాడు!"

ఫాదర్ గ్వీడో మా భాషను పుస్తకాల్లో నేర్చుకున్నారు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నా పుస్తకం ఆయన్ను వదల్లేదు.

"ఫాదర్, ఇది చీపురు కాదు, బ్రష్షు," అన్నాడు గత్తాస్ తలెత్తకుండానే.

"ధూళిని తొలగించునది ఏదైనను చీపురే. ఆ ధూళి మా మెట్టు కిందిది!"

మా పూజారి అబూనా సాబా గడ్డం నిమురుకున్నాడు. ఆయన గడ్డం నిమిరాడంటే ఏదో లాభం కనిపించిందన్నమాట. "ఊడ్చాడని మీ నోటితోనే అన్నారు కదా ఫాదర్! మా పిల్లాడు ఊడిస్తే అది మా మెట్టే. ఇంతమంది సాక్షులున్నారు."

"నేనెవరి పిల్లాణ్ణీ కాదు అబూనా. నన్ను పని చేసుకోనివ్వండి," అన్నాడు గత్తాస్.

మా అక్క కింది మెట్టు మీంచి అందుకుంది. "ఎవరి పిల్లాడివీ కాకపోతే మొన్న వచ్చినప్పుడు నా వంటింట్లో అన్ని రొట్టెలు ఎవడు మింగాడురా?"

ఆర్మేనియన్ల డీకన్ హగోప్ దీపం కింద నిలబడి మెల్లగా దగ్గాడు. "ఊడిస్తే ఊడ్చాడు. మా దీపం వెలుతుర్లో ఊడ్చాడన్న సంగతి మాత్రం ఎవరూ మర్చిపోకండి."

ఇలా మాట మీద మాట పెరుగుతుంటే గత్తాస్ ఉన్నట్టుండి ఊరుకుండిపోయాడు. వాడు నోరు మూసుకోవడం అరుదు గనక నాకు అనుమానం వచ్చింది. దగ్గరికెళ్ళి "ఏముందిరా?" అని అడిగాను.

"పేరుంది పిన్నీ," అన్నాడు చిన్నగా. "అరామిక్ అక్షరాలు. యెషువ, యోసేపు కొడుకు."

చిన్నగా అన్నా చర్చిలో మాట ఆగదు, రాతిగోడలు మోసుకుపోతాయి. యెషువ అంటే యేసు. అందరూ ఒక్కసారి శిలువ గుర్తు వేసుకున్నారు. మేం కుడి భుజం నుంచి ఎడమకు, లాటిన్లు ఎడమ నుంచి కుడికి. అందులోనూ కలవలేదు.

*

ఆ కాలపు యూదులు చనిపోయినవాళ్ళను గుహలో పడుకోబెట్టి, ఏడాది గడిచాక ఎముకలు ఏరి ఇలాంటి రాతిపెట్టెలో పెట్టేవాళ్ళట. అంటే పెట్టెలో ఎముకలుంటాయి. పెట్టె మీద యోసేపు కొడుకు యేసు అని ఉంది. మా ఊరికి లెక్కలు రావంటారు గాని, ఈ లెక్క సాయంత్రానికల్లా ప్రతి ఇంటికీ వచ్చేసింది. శరీరంతో లేచి వెళ్ళినవాడి ఎముకలు ఇక్కడెందుకుంటాయి?

నేను మాత్రం కొట్లో కూర్చుని అందరికీ ధైర్యం చెప్పాను. "యెషువ అంటే మన ఈసాయే కదా. మన వీధిలో ఎంతమంది ఈసాలున్నారో చూడండి. ఒకడు రొట్టెలు కాలుస్తాడు. ఒకడు టైర్లకి గాలి కొడతాడు. గాలి కొట్టేవాడి తండ్రి పేరు యూసఫే! రేపు వాడి సమాధి ఎవరైనా తవ్వి తీస్తే లోకమంతా గగ్గోలు పెట్టాలా?" జనం నవ్వారు, నవ్వి ఇళ్ళకెళ్ళారు. వెళ్ళి మళ్ళీ అదే ఆలోచించారు. నేనూ కొట్టు తలుపు వేసి అదే ఆలోచించాను. నా శిలువలు అమ్ముడుపోవేమోనన్నది నా మొదటి భయం. రెండోది అంతకంటే పెద్దదే గాని, దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

అక్క నవ్వలేదు. ఏటా ఆ రోజులకల్లా ఆమె వంటింట్లో గోధుమరవ్వ నేతిలో నాని ఉండాలి. ఖర్జూరం కూరిన కాక్ చుట్టలు ముళ్ళకిరీటానికి గుర్తు. అక్రోటు పూర్ణం పెట్టి బొర్లించిన మఆమూల్ బిళ్ళలు ఖాళీ సమాధికి గుర్తు. ఖాళీ సమాధి అని పేరు పెట్టి లోపల అక్రోట్లు కూరడమేమిటని నేను ఏటా ఎగతాళి చేస్తాను, ఆమె ఏటా నన్ను అప్పడాల కర్రతో బెదిరిస్తుంది. ఈసారి వెళ్ళి చూస్తే రవ్వ సంచి మూతి విప్పనే లేదు. అక్క బల్ల ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది, ఎదురుగా గత్తాస్.

"సూటిగా చెప్పరా. అందులో ఉన్నది ఆయనేనా?"

"తెలీదమ్మా. పేరు తెలుసు, మనిషి తెలీదు."

"మరి ఎప్పుడు తెలుస్తుంది?"

"పెట్టెలో ఉన్నది పెద్దవాడైతే ఎప్పటికీ తెలీదు. ఆయనే అని చెప్పలేను, ఆయన కాదనీ చెప్పలేను."

"ఇన్నేళ్ళు చదివి నేర్చుకున్నది ఇదా?"

"ఈ మాట చెప్పడానికే అన్నేళ్ళు చదవాల్సొచ్చిందమ్మా."

నేను నవ్వాపుకోలేకపోయాను. అక్క నావైపు చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఎండిపోయింది.

"నీకు నవ్వులాటగా ఉందే వదీఆ," అంది నన్ను పేరు పెట్టి పిలిచి. "ఆయన లేవకపోతే నా మిత్రీ ఎలా లేస్తాడు? ఇన్నేళ్ళూ నేను ఎవరికోసం బతికానే? నా పిల్లాణ్ణి మళ్ళీ చూస్తానని కదా. వాడు ఆ రాయి కింద ఎముకలైపోయాడని, ఇక అంతేనని ఎవడైనా చెబితే, రేపు పొద్దున నేను మంచం దిగేదెందుకు?"

గత్తాస్ బల్ల మీద వేలితో ఏదో గీస్తూ కూర్చున్నాడు. వాడికి అన్న మాట వస్తే ఎటు చూడాలో తెలీదు. అలా గీస్తూనే అన్నాడు. "ఒక దారి ఉంది. ఆ పెట్టెల్ని మనిషి తొడ ఎముక పొడవుకి సరిపోయేలా చేసేవాళ్ళు. శరీరంలో అన్నిటికన్నా పొడుగు ఎముక అదే కదా. పెట్టె పొడవు చూస్తే లోపల పెద్దవాడో కాదో తెలుస్తుంది."

"మరి చూడవేంరా?"

"మనవైపు కనబడేది పెట్టె ఒక చివరే, అదీ పై సగమే. మిగతా పెట్టె లాటిన్ల మెట్టు కింద ఉంది. ఆ మట్టి నేను తీస్తే యుద్ధం. వాళ్ళు తీస్తే అబూనా సాబా ఊరుకోడు. ఈ రెండు వేల ఏళ్ళలో ఆ పెట్టెకి ఇంత గట్టి కాపలా ఎప్పుడూ లేదమ్మా."

అక్క లేచింది. కొంగు లాంటి తన నల్ల శాలువా తలమీదికి లాక్కుని గుమ్మం దిగింది. ఆమె అలా నడిస్తే వెనక వెళ్ళడం తప్ప వేరే దారి లేదని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

*

ఫాదర్ గ్వీడో కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కాఫీ తాగుతున్నారు. అక్క కూర్చోలేదు.

"ఫాదర్, మీ మెట్టు మీరే ఊడ్చుకోండి. అడుగు దాకా, మట్టి లేకుండా ఊడ్చండి. మీ జాగా, మీ చీపురు. మావాళ్ళెవరైనా కాదంటే నేను చూసుకుంటాను."

ఫాదర్ కప్పు కింద పెట్టారు. "అమ్మా, అందు ఏమి బయల్పడునో మనకు తెలియదు. మూసియున్నంత కాలము ఎవరి విశ్వాసమునకును హాని లేదు."

"నా విశ్వాసం ఇప్పటికే ముక్కలైంది ఫాదర్. రాత్రి ప్రార్థనకి కూర్చుంటే నోట మాట రావడం లేదు. ఉంటే ఉందని తెలియనివ్వండి, పోతే పోయిందని తెలియనివ్వండి. మధ్యలో వేలాడలేను."

మిత్రీ శవపేటిక మోసినవాళ్ళలో ఫాదర్ కూడా ఉన్నారు. ఆ రోజు ఎవరి శాఖ భుజం ఏదన్న తగువు రాలేదు. ఆయన కప్పు వైపు చూసి, మావైపు చూసి, పుస్తకం మరిచిపోయి మామూలు మనిషిలా అన్నారు. "సరే తల్లీ. ఊడుస్తాను."

అబూనా సాబా సంగతి నేను చూసుకున్నాను. కాదంటే ఈ పండక్కి ఊళ్ళో ఏ ఆడదీ ఆయన ఇంటికి కాక్ పంపదని చెప్పాను. ఊరందరినీ అడిగి చెప్పిన మాట కాదది, కానీ ఆయన పరీక్షించే సాహసం చెయ్యలేదు.

అలా పండగ వారంలో మా చర్చి మెట్ల మీద తాతలెవరూ చూడని పని జరిగింది. ఫాదర్ గ్వీడో కుంటుకుంటూ వచ్చి తన మెట్టు రాయి తీయించారు. కింద మట్టి లాటిన్ల చీపురు ఊడ్చింది, ఇటు మట్టి మా చీపురు ఊడ్చింది. మధ్యలో వేలెడు జాగాకి వచ్చేసరికి రెండు చీపుర్లూ ఆగి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. అప్పుడు గత్తాస్ బ్రష్షు తీశాడు. ఈసారి ఎవరూ కేక వేయలేదు. హగోప్ తన దీపం గొలుసు కాస్త దించి వెలుతురు పట్టాడు.

పెట్టె బయటపడుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. మట్టి పోయేకొద్దీ పెట్టె పొడవు పెరుగుతూ పోతుందనుకున్నాను. పెరగలేదు. చటుక్కున అయిపోయింది. రొట్టెలు పెట్టుకునే డబ్బా కంటే కాస్త పెద్దది, అంతే.

గత్తాస్ జేన వేసి కొలిచాడు. మూత ఒక మూల పగిలి ఉంటే అందులోంచి టార్చి వేసి చూశాడు. చూసి, మోకాళ్ళ మీదే వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"పిల్లాడమ్మా," అన్నాడు. "మూడేళ్ళుంటాయేమో. తొడ ఎముక నా జేనెడు కూడా లేదు. పక్కన నీలిపూస ఉంది."

నీలిపూస. దిష్టి తగలకుండా మేం ఇప్పటికీ పసివాళ్ళ చొక్కాకి గుచ్చేది అదే. అక్క మిత్రీకి గుచ్చింది, గత్తాస్‌కీ గుచ్చింది. అందరూ హమ్మయ్య అని ఊపిరి వదిలారు, అబూనా సాబా అయితే పాట కూడా అందుకోబోయాడు. నేనూ లోపల ఒక్క గెంతు వేశాను. అంతలో అక్క ఏడవడం మొదలుపెట్టింది.

"ఎందుకే ఏడుస్తావు? ఆయన కాదుగా!" అన్నాను.

"కాదే. ఆయన కాదు." మెట్టు మీద కూలబడింది. "ఈ పిల్లాడి తల్లి... పాపం ఏడాది ఆగి, ఆ ఎముకలన్నీ ఏరి, పూస కూడా మర్చిపోకుండా పెట్టిందే. నేనేమో ఇన్నాళ్ళూ ఈ పెట్టె కాలిపోతే బాగుండునని తిట్టుకున్నాను."

ఆ సాయంత్రం రవ్వ నానింది. నేను అక్రోట్లు కొడుతుంటే గత్తాస్ వాళ్ళమ్మను అడిగాడు. "అమ్మా, పెట్టె పెద్దదై ఉంటే ఏం చేసేదానివి?"

అక్క ముద్ద పిసుకుతూ ఆగింది. "ఏమోరా. రవ్వ నానబెట్టేదాన్నో లేదో. నన్ను అడక్కు." మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది. "నీకు తెలీదంటే చదువు. నాకు తెలీదంటే మాత్రం తప్పా?"

*

పండగ ఉదయం ప్రార్థన అయ్యాక అక్క మఆమూల్ తట్ట, నేను కాక్ తట్ట పట్టుకుని మెట్ల దగ్గర ఆగాం. పెట్టెను పురావస్తు శాఖవాళ్ళు ఇంకా తీసుకుపోలేదు. పైన పలక కప్పి ఉంచారు. ఆ పలక ఎవరు ఊడవాలన్న తగువు అప్పటికే మొదలైంది లెండి. అక్క తట్టలోంచి ఒక చిన్న మఆమూల్ తీసి పలక అంచున పెట్టింది. ఫాదర్ గ్వీడో చూశారు. ఏదైనా పెడితే అదీ హక్కు కిందికే వస్తుంది. ఆయన తల తిప్పుకుని కిటికీని పరీక్షగా చూడటం మొదలుపెట్టారు.

అక్క వంగి, ఎదురింటావిడతో మాట్లాడినట్టు అంది. "ఉమ్ ఈసా, క్రీస్తు లేచాడమ్మా."

ఆ పిల్లాడి పేరు యెషువ గనక వాళ్ళమ్మ ఉమ్ ఈసాయే మరి. మా ఊరి పద్ధతి అది. పలకరించి, ఎప్పటిలాగే జవాబు కోసం నిలబడింది. నాకు కాళ్ళు లాగుతున్నాయి. ఇక నేనే చెబుదామని నోరు తెరవబోతుంటే వెనక నుంచి మాట వచ్చింది.

"నిజంగా లేచాడు."

తిరిగి చూస్తే గత్తాస్. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నువ్వు నమ్ముతావురా?" అన్నాను నేను ఆశ్చర్యపోయి.

"నేను కాదు పిన్నీ. ఆవిడ తరఫున చెప్పాను. ఆవిడకి ఆ జవాబు తెలీదు కదా, మన పండగ రాకముందు మనిషి."

నేను ఏదో వెటకారం చేయబోయి, అక్క మొహం చూసి మానేశాను. ఆమె కొడుకు వైపు చూస్తోంది. కోపం లేదు, బతిమాలడమూ లేదు.

"ముక్కూ మొహం తెలియని ఆవిడ కొడుకు దగ్గర చెప్పావు," అంది. "మీ అన్న దగ్గర చెప్పవురా?"

గత్తాస్ ఏ పనీ ఉందనలేదు. నా చేతిలోంచి కాక్ చుట్టల తట్ట తీసుకుని, ఆ విరిగిన మెట్టు దగ్గర అలవాటుగా కాలెత్తి దాటి, సమాధుల తోట వైపు మాకంటే ముందు నడిచాడు.